లింకులకూ ఉంది చదివింపుల పుస్తకం

ఈ నెల 'వెబ్ సందేహాలు' శీర్షికకు వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అది గూగుల్ ఫలితాల్లో పైకి రావడానికి సైట్ల మధ్య చేసుకునే లింకుల మార్పిడి. 'నా సైట్‌లో నీ లింకు పెడతా, నీ సైట్‌లో నా లింకు పెట్టు' అనే ఒప్పందాలు నగరంలో చిన్న వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో జోరుగా నడుస్తున్నాయి. అందుకే ఈసారి చోటంతా వాటికే ఇచ్చాం. అడిగినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మాది ముత్యాల దుకాణం. ఏడాది కిందట ఒక వాట్సాప్ గ్రూపులో చేరి 30 సైట్లతో లింకులు మార్చుకున్నాం. 'మా భాగస్వాములు' అని ఒక పేజీ పెట్టి అందరి లింకులూ అందులో వేశాం. మొదట్లో ర్యాంకు కాస్త పెరిగింది. ఇప్పుడు మూడో పేజీకి పడిపోయింది. అందరి సర్వర్లూ వేరు, యజమానులూ వేరు. మరి గూగుల్‌కు ఎలా తెలిసింది?
- ముత్యాల వ్యాపారి, పత్తర్‌గట్టి

జవాబు: పెళ్లిలో చదివింపుల పుస్తకం ఉంటుంది కదా. ఒక్క ఇంటి పుస్తకం చూస్తే ఎవరెంత చదివించారో మాత్రమే తెలుస్తుంది. ఊరందరి పుస్తకాలూ ఒకచోట పెట్టి చూస్తే, ఎవరు ఎవరికి తిరిగి పెట్టారో, ఏ 30 ఇళ్లవాళ్లు తమలో తామే ఇచ్చిపుచ్చుకుంటున్నారో ఇట్టే బయటపడుతుంది. గూగుల్ దగ్గరున్నది ఊరందరి పుస్తకాలూ. సర్వర్లు వేరైనంత మాత్రాన ఆ లెక్క మారదు. ఎవరి లింకు ఎవరికి పోతోందన్నదే అక్కడ చూసేది.

అసలు ఎందుకు చూస్తారో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ప్రకటించిన పేజ్‌ర్యాంక్ లెక్క ప్రకారం, ఒక పేజీ తన విలువలో 85 శాతాన్ని తనలో ఉన్న లింకులకు సమానంగా పంచుతుంది. మిగతా 15 శాతం ఏ లింకుకూ చెందకుండా వెబ్ మొత్తానికి పోతుంది. ఇప్పుడు ఒక సైట్‌కు బయటి నుంచి 100 పాళ్ల విలువ వచ్చిందనుకోండి. అది తన చుట్టూ పెట్టుకున్న సైట్లకు 85 ఇస్తుంది. అవి ఇంకెవరికీ లింకు ఇవ్వకుండా మొత్తం వెనక్కే పంపితే 85లో 85 శాతం, అంటే 72.25 తిరిగొస్తుంది. ఆ 72.25 మళ్లీ బయల్దేరి 52.2 అయి తిరిగొస్తుంది. ఇలా కూడుకుంటూ పోతే 100 కాస్తా 360 అవుతుంది. కొత్తగా ఎవరూ మెచ్చుకోకుండానే విలువ మూడున్నర రెట్లు దాటిందన్నమాట. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు జోల్టాన్ గ్యోంగీ, హెక్టర్ గార్సియా-మోలినా 2005లోనే ఇలాంటి లింకుల కూటముల గణితాన్ని విడమరిచారు. లెక్కలో ఇంత పెద్ద కన్నం ఉంటే సెర్చ్ ఇంజన్ దాన్ని పూడ్చకుండా ఎలా ఉంటుంది?

ఇక మీ గ్రూపు సంగతి. 30 సైట్లు ఒకదానికొకటి లింకు ఇచ్చుకుంటే మొత్తం 30ని 29తో గుణించి 870 లింకులు. అందులో 700 నిజంగానే ఉండి, ఈ 30 సైట్లకూ బయటి ప్రపంచం నుంచి వచ్చినవి నాలుగో ఐదో ఉంటే, వెబ్ పటంలో అది చిక్కగా అల్లిన ముద్దలా విడిగా కనిపిస్తుంది. ముత్యాల దుకాణం, పంటి ఆసుపత్రి, చెదల మందు కొట్టేవాళ్లు, ఇంటి సామాన్లు తరలించేవాళ్లు ఒకే ముద్దలో ఉండటానికి వేరే కారణం ఏముంటుంది?

మరో ఆనవాలు సమయం. పేజీని మళ్లీ మళ్లీ చదివే గూగుల్ ప్రోగ్రామ్ క్రాలర్‌కు ఏ లింకు ఎప్పుడు మొదటిసారి కనిపించిందో తెలుస్తుంది. మీ లింకు వాళ్ల దగ్గరా, వాళ్ల లింకు మీ దగ్గరా ఒకే వారంలో పుట్టడం, అదీ 30 జతల్లో పుట్టడం యాదృచ్ఛికం కాదు. లింకు మీద రాసిన మాటలు, అంటే యాంకర్ టెక్స్ట్, ఇంకా గట్టి సాక్ష్యం. మిమ్మల్ని నిజంగా మెచ్చుకున్న మనిషి మీ దుకాణం పేరు రాస్తాడు, లేదా 'ఇక్కడ కొన్నాం' అని రాస్తాడు. 28 సైట్లలో అక్షరం పొల్లుపోకుండా 'హైదరాబాద్ ముత్యాలు తక్కువ ధర' అని ఉంటే అది గ్రూపులో మీరు పంపిన మెసేజ్ నుంచి కాపీ చేసినదేనని చదవగానే తెలుస్తుంది.

ఇంకో వైపు నుంచి వచ్చే లెక్క కూడా ఉంది. 2004లో గ్యోంగీ, గార్సియా-మోలినా, యాహూ పరిశోధకుడు యాన్ పెడర్‌సన్ ట్రస్ట్‌ర్యాంక్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. నమ్మదగిన కొన్ని సైట్లను మనుషులే ఎంచి, అక్కడి నుంచి లింకుల వెంట నమ్మకాన్ని పారిస్తారు. అడుగడుగుకూ అది తగ్గుతూ పోతుంది. మీ 30 సైట్ల ముద్దలోకి ఆ కాలువ నుంచి చుక్క నీరు కూడా రాకపోతే, లోపల ఎంత తిప్పుకున్నా పొలం తడవదు. గూగుల్ ఇవాళ ఏ ఆనవాలుకు ఎంత బరువు ఇస్తుందో బయటపెట్టదు కానీ, తన స్పామ్‌బ్రెయిన్ అనే యంత్రాభ్యాస వ్యవస్థను 2022 డిసెంబర్ నుంచి లింకుల స్పామ్ పట్టుకోవడానికి వాడుతున్నట్టు బాహాటంగానే ప్రకటించింది. లింకులు కొనే సైట్లనూ, లింకులు పంచడానికే ఉన్న సైట్లనూ అది రెండు వైపులా గుర్తిస్తుంది.

మీ ర్యాంకు పడటాన్ని వెంటనే శిక్ష అనుకోకండి. సైట్ యజమానులకు గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో 'మాన్యువల్ యాక్షన్స్' (గూగుల్ మనుషులు చూసి వేసిన శిక్షలు) తెరిచి చూడండి. అక్కడ ఏమీ లేకపోతే ఆ లింకులను లెక్కలోంచి తీసేసి ఉండే అవకాశమే ఎక్కువ. అద్దె నిచ్చెన తీసేస్తే మనిషి నేల మీదికి వస్తాడు, అంతే. ర్యాంకు పడటానికి వేరే కారణాలూ ఉండొచ్చు కాబట్టి పేజీల నాణ్యతను, పోటీ సైట్లను కూడా చూసుకోండి. 'మా భాగస్వాములు' పేజీని మాత్రం ఇవాళే తీసేయండి. పాత లెక్క ప్రకారమే చూసినా, 30 లింకులున్న పేజీలో ఒక్కోదానికి దక్కేది ఆ పేజీ విలువలో 2.8 శాతం. బయటివాళ్లెవరూ చదవని ఆ పేజీకి ఉన్న విలువ ఎంతని!

ప్రశ్న: డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకుంటున్నాను. నేరుగా ఇచ్చిపుచ్చుకుంటే దొరికిపోతాం, 'ఏ' సైట్ 'బి'కి, 'బి' సైట్ 'సి'కి, 'సి' సైట్ 'ఏ'కి ఇస్తే ఎప్పటికీ దొరకదు అని క్లాసులో చెప్పారు. నిజమేనా?
- విద్యార్థి, అమీర్‌పేట

జవాబు: కాదు. ఎవరూ ఎవరికీ తిరిగి ఇవ్వలేదన్నది రెండు సైట్లనే చూసినప్పటి మాట. మూడింటినీ కలిపి చూస్తే బయల్దేరిన చోటికే తిరిగొచ్చే వలయం ఉంది. గ్రాఫ్‌లో, అంటే చుక్కలూ వాటిని కలిపే గీతల పటంలో, ఒకదాన్నుంచి ఒకదానికి పోయి తిరిగి రాగల గుంపులను వెతకడానికి కంప్యూటర్ శాస్త్రవేత్త రాబర్ట్ టార్జన్ 1972లోనే పద్ధతి రాశాడు. సైట్లు, లింకులు ఎన్ని ఉంటే అంత పనితోనే అది ముగుస్తుంది. కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో చెప్పే పాఠమే ఇది. వలయం దొరికినంత మాత్రాన తప్పని కాదు, పెద్ద పెద్ద సైట్ల మధ్యా వలయాలుంటాయి. కానీ చిన్న వలయం, సంబంధం లేని విషయాలు, ఒకే వారం, అమ్మకపు మాటలతో యాంకర్లు, ఇవన్నీ కలిస్తే గుట్టు రట్టయినట్టే.

మూడు మూలల పద్ధతి ఆచరణలో ఎలా నడుస్తుందో కూడా గమనించండి. ఎవరూ తమ అసలు సైట్ నుంచి లింకు ఇవ్వడానికి ఇష్టపడరు. అందుకని లింకులు ఇవ్వడానికే రెండో సైట్ ఒకటి పెడతారు. దాంట్లో పొద్దున కీళ్లనొప్పుల వ్యాసం, మధ్యాహ్నం ఇన్సూరెన్స్, సాయంత్రం గ్రానైట్ రాళ్లు. ప్రతి వ్యాసం మధ్యలో బయటికి పోయే లింకు ఒక్కటి. అదే థీమ్ (సైట్ రూపు), సందర్శకులను లెక్కించే అదే అనలిటిక్స్ నంబర్, కొన్నిసార్లు ప్రకటనల డబ్బు వచ్చే అదే యాడ్‌సెన్స్ ఖాతా. పేజీ సోర్స్ తెరవడం వచ్చిన ఎవరైనా వీటిని కలిపి చూసుకోగలరు. పైగా ఈ ఒప్పందాలన్నీ ఎక్కడో ఒక షీట్‌లో రాసుకుంటారు. గ్రూపులో ఒక్కరికి కోపం వస్తే ఆ షీట్ మొత్తం గూగుల్ స్పామ్ రిపోర్ట్ ఫారంలోకి పోతుంది. మీరు నేర్చుకునే దశలో ఉన్నారు. దాచడం ఎలాగో నేర్చుకోవడానికి పట్టే నెలలు, జనం దేనికి తమంతట తాము లింకు ఇస్తారో నేర్చుకోవడానికి పెట్టండి. రేపు ఉద్యోగంలో పనికొచ్చేది అదే.

ప్రశ్న: వంటల సైట్ నడుపుతాను. నా స్నేహితురాలిదీ వంటల సైటే. ఒకరి వంటలకు ఒకరం లింకులిచ్చుకుంటాం. ఇదీ తప్పేనా?
- గృహిణి, నిజాంపేట

జవాబు: తప్పు కాదమ్మా, నిశ్చింతగా ఇచ్చుకోండి. గూగుల్ నియమం వద్దనేది మితిమీరిన మార్పిడిని, లింకు కోసమే పెట్టిన పేజీలను. మీ గోంగూర పచ్చడి వంటకంలో 'మిరపకాయలు ఇలా ఎండబెట్టుకోండి' అన్నచోట ఆమె పేజీకి లింకు ఇస్తే చదివేవాళ్లకు పనికొస్తుంది. ప్రతి పేజీ అడుగున ఫుటర్‌లో ఆమె సైట్ పేరు అతికిస్తే ఎవరికీ పనికిరాదు. గూగులే లేకపోయినా ఈ లింకు ఇక్కడ పెట్టేదాన్నా అని అడిగి చూసుకోండి. అవుననిపిస్తే ఉంచండి.

ప్రశ్న: పోచంపల్లి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. లింకుకు లింకు ఇవ్వం. చీరల గురించి రాసేవాళ్లకు ఒక చీర ఉచితంగా పంపుతాం, వాళ్లు రాసి మా లింకు పెడతారు. ఇది మార్పిడి కిందికి వస్తుందా?
- చీరల వ్యాపారి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వస్తుంది. డబ్బైనా, సరుకైనా, సేవైనా లింకుకు బదులుగా ఇస్తే అది కొన్న లింకే. పాటల సాహిత్యం వివరించే ర్యాప్ జీనియస్ అనే అమెరికన్ సైట్ 2013 డిసెంబర్‌లో, తన పేజీలకు లింకులు పెట్టిన బ్లాగర్ల రాతలను తన ట్విట్టర్ ఖాతాలో ప్రచారం చేస్తానని ఆశ చూపింది. గూగుల్ చేతిలో పడి, తన పేరుతో వెతికినా మొదటి పేజీలో కనిపించని స్థితికి వచ్చింది. లింకులు తీయించి బయటపడేసరికి దాదాపు 10 రోజులు పట్టింది. అంతకుముందు 2012 జనవరిలో, డబ్బిచ్చి రాయించిన రాతల్లో లింకు దొరికినందుకు గూగుల్ తన సొంత క్రోమ్ పేజీ ర్యాంకునే 60 రోజులు తగ్గించింది.

చీర పంపడం మానక్కర్లేదు. లింకుకు గుర్తు పెట్టించండి. లింకు ట్యాగ్‌లో 'రెల్' అనే చోట 'స్పాన్సర్డ్' అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో రాస్తే చాలు. ఈ గుర్తును గూగుల్ 2019 సెప్టెంబర్‌లో తెచ్చింది. 2005 నుంచి ఉన్న 'నోఫాలో' పెట్టినా సరే. అప్పుడది ప్రకటన అని ఒప్పుకున్నట్టు, ర్యాంకు కోసం కాదని చెప్పినట్టు. మనుషులు మాత్రం ఆ లింకు నొక్కి మీ దుకాణానికి వస్తూనే ఉంటారు.

మీ సరుకుకు అడగకుండానే లింకులు వచ్చే దారి ఒకటుంది, దాన్ని వాడుకోండి. అసలు ఇక్కత్‌కూ, ఇక్కత్ డిజైన్ అచ్చేసిన బట్టకూ తేడా చూపించే పేజీ ఒకటి తయారు చేయండి. నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి అసలు ఇక్కత్‌లో రంగు రెండు వైపులా సమానంగా ఉంటుంది, బొమ్మ అంచులు ఈకలా చెదిరినట్టు ఉంటాయి. అచ్చు బట్ట వెనక్కి తిప్పితే వెలిసినట్టు కనిపిస్తుంది. రెండు బట్టలనూ పక్కపక్కన పెట్టి ముందు, వెనక, అంచు దగ్గర నుంచి మంచి వెలుతురులో ఆరు ఫొటోలు తీయండి. ఫ్యాషన్ విద్యార్థులు, కొనేముందు వెతుక్కునేవాళ్లు, చేనేత గురించి రాసేవాళ్లు అలాంటి పేజీకే లింకు ఇస్తారు.

ప్రశ్న: సెర్చ్ కన్సోల్‌లో 'మీ సైట్‌కు అసహజ లింకులు' అని మాన్యువల్ యాక్షన్ వచ్చింది. రెండేళ్లు మార్పిడి చేసిన మాట నిజం. ఇప్పుడు వరుసగా ఏం చేయాలి?
- కోచింగ్ సెంటర్ నిర్వాహకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ సందేశాన్ని మళ్లీ చదవండి. 'మీ సైట్‌కు' వచ్చే లింకులు వేరు, 'మీ సైట్ నుంచి' పోయే లింకులు వేరు. రెండింటికీ వేర్వేరు చర్యలుంటాయి. మార్పిడి చేసినవాళ్లకు ఒకటి వచ్చాక రెండోదీ రావచ్చు. కాబట్టి మొదటి రోజు మీ చేతిలో ఉన్నదాన్నే శుభ్రం చేయండి. మార్పిడి కింద మీరు పెట్టిన లింకులన్నీ తీసేయండి. తీయలేని ప్రకటనలకు స్పాన్సర్డ్ గుర్తు పెట్టండి.

తర్వాత 'లింక్స్' రిపోర్ట్‌లో పైన ఉన్న ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కి 'లేటెస్ట్ లింక్స్', 'మోర్ శాంపిల్ లింక్స్' రెండూ దించుకుని ఒకే షీట్‌లో కలపండి. సైట్ పేరు, లింకున్న పేజీ, లింకు మీది మాటలు, ఎలా వచ్చింది, మెయిల్ పంపిన తేదీ, జవాబు అని ఆరు గడులు పెట్టండి. 'ఎలా వచ్చింది' అన్న గడే ముఖ్యం. అందులో నిజాయతీగా రాయకపోతే మిగతా పనంతా వృథా. మార్పిడి అని తేలిన ప్రతి సైట్‌కూ పేజీ చిరునామాతో సహా తీసేయమని మర్యాదగా మెయిల్ పెట్టండి. వారం ఆగి మరోసారి పెట్టండి. తీయడానికి డబ్బు అడిగేవాళ్లుంటారు, ఇవ్వకండి. ఆ విషయం షీట్‌లో రాసుకుని ముందుకు పోండి.

తీయించలేక మిగిలినవాటికే డిజవావ్ ఫైలు, అంటే ఈ లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే జాబితా. నోట్‌ప్యాడ్‌లో సాదా టెక్స్ట్ ఫైలు, యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి. వరుసకు ఒక్కటే. సైట్ మొత్తాన్ని కాదనాలంటే ఇంగ్లిష్‌లో 'డొమైన్' అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా సైట్ పేరు రాయాలి. హ్యాష్ గుర్తుతో మొదలైన వరుసలు మీ గుర్తు కోసమే, గూగుల్ పట్టించుకోదు. ఫైలు 2 ఎంబీ, లక్ష వరుసలు దాటకూడదు.

ఇక్కడ పొరపాట్లు ఎక్కువ. ఫుటర్‌లో మీ లింకు పెట్టిన సైట్‌లో 400 పేజీలుంటే లింకులు 400. అందులో ఒక్క పేజీ చిరునామా రాస్తే 399 మిగిలిపోతాయి, అక్కడ డొమైన్ వరుసే రాయాలి. కొత్త ఫైలు ఎక్కిస్తే పాతది పూర్తిగా పోతుంది కాబట్టి ప్రతిసారీ మొత్తం జాబితా ఉండాలి. సెర్చ్ కన్సోల్‌లో మీ సైట్‌ను డొమైన్ ప్రాపర్టీగా, అంటే సైట్ పేరుతో మొత్తంగా, నమోదు చేసి ఉంటే డిజవావ్ సాధనం పనిచేయదు. చిరునామాతో మొదలయ్యే యూఆర్ఎల్ ప్రిఫిక్స్ ప్రాపర్టీ విడిగా కలుపుకోవాలి. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, భయంతో మంచి లింకులను కూడా ఫైలులో పెట్టడం. విద్యార్థులు తమంతట తాము ఇచ్చిన లింకును కాదంటే మీ చేత్తో మీ వేరు నరుక్కున్నట్టే.

చివరగా 'రిక్వెస్ట్ రివ్యూ', అంటే చర్య ఎత్తేయమని గూగుల్‌కు పెట్టే అర్జీ. తప్పేమిటో, ఏం చేశారో, ఫలితం ఏమిటో మూడూ ఉండాలి. 'ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా గ్రూపు ద్వారా లింకులు మార్చుకున్నాం. 64 సైట్లకు రాశాం, 41 తీసేశాయి, మిగిలిన 23 డిజవావ్ చేశాం, షీట్ ఇదిగో' అన్నట్టు అంకెలతో రాయండి, మీ అంకెలతో. 'మాకేమీ తెలియదు, పోటీవాళ్లు చేశారు' అనకండి, ఎదుటివాళ్ల ముందు లింకుల పటం ఉంది. జవాబుకు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. అది వచ్చేదాకా రెండోసారి పంపకండి. చర్య ఎత్తేశాక కూడా పాత ర్యాంకు వెంటనే రాదు. దాన్ని నిలబెట్టిన లింకులే ఇప్పుడు లేవు కదా. అందుకు సిద్ధపడే ఈ పనికి దిగండి.

ప్రశ్న: ఎక్కడెక్కడి క్యాసినో సైట్ల నుంచో నా సైట్‌కు 300 లింకులు కనిపిస్తున్నాయి. నేనేమీ అడగలేదు. వెంటనే డిజవావ్ చేయాలా?
- పాఠకుడు, ఉప్పల్

జవాబు: వద్దు. 2012 ఏప్రిల్‌లో లింకుల మోసాలను పట్టడానికి గూగుల్ తెచ్చిన పెంగ్విన్ అప్‌డేట్ వచ్చినప్పుడు చెడ్డ లింకులు సైట్‌నే కిందికి లాగేవి. 2016 సెప్టెంబర్ నుంచి పెంగ్విన్ గూగుల్ ప్రధాన వ్యవస్థలో కలిసి, అలాంటి లింకులను ఎక్కువగా లెక్కలోంచి తీసేస్తోంది. మాన్యువల్ యాక్షన్ లేకుండా, మీరు కొనకుండా, మార్చుకోకుండా ఉంటే వదిలేయండి.

ప్రశ్న: ఒక ఏజెన్సీ 'డీఏ 50 దాటిన సైట్లలో నెలకు 20 లింకులు, 15 వేల రూపాయలు' అంటోంది. తీసుకోవచ్చా?
- ఫర్నిచర్ వ్యాపారి, సికింద్రాబాద్

జవాబు: డీఏ, అంటే డొమైన్ అథారిటీ, మోజ్ అనే కంపెనీ 1 నుంచి 100 దాకా వేసే అంచనా. గూగుల్ దాన్ని వాడదు. మార్పిడి లింకులతోనే దాన్ని పెంచి అమ్మేవాళ్లున్నారు. గడువు తీరిన పాత సైట్ పేరు కొని, ఆ పాత పరపతి మీద నాసిరకం వ్యాసాలు నింపేవాళ్లూ ఉన్నారు. దీన్ని 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నియమాల్లో పేరు పెట్టి చేర్చింది. ఏజెన్సీని ముందుగా ఐదు సైట్ల పేర్లు అడగండి. డబ్బు కట్టాకే చెబుతామంటే అక్కడితో మాట ఆపేయండి. చెబితే ఒక్కో సైట్‌లో చివరి పది వ్యాసాలు తెరిచి, ప్రతిదాంట్లో లింకు ఎక్కడికి పోతోందో రాసుకోండి. పది వ్యాసాలూ పది వేర్వేరు వ్యాపారాలకు పోతుంటే మీది పదకొండోది అవుతుంది. ఆ 15 వేలతో ఒక ఫొటోగ్రాఫర్‌ను పిలిపించి, టేకు చెక్కనూ టేకు పొర అతికించిన ప్లైవుడ్‌నూ అడ్డంగా కోయించి, కోసిన అంచులు దగ్గరగా కనిపించేలా ఫొటోలు తీయించండి. మంచం కొనేవాళ్లు వెతికేది ఆ తేడా కోసమే.